ఫైరింగ్ నోటీసు, నిషేధిత నీళ్లు: భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా బోటువాళ్లు ఏం చూసుకోవాలి?

#1 కోనాడ తీరం

పూసపాటిరేగ, భోగాపురం మండలాల బోటువాళ్లకి పంచడానికి రెండు పేజీల కరపత్రం తయారవుతోంది. నేవీ, ఆర్మీ స్థావరాల ముందున్న నీళ్లలోకి ఎక్కడ వెళ్లకూడదు, ఎప్పుడు వెళ్లకూడదు, ఆ సంగతి సరంగుకి (బోటు నడిపేవాడికి) ఎలా తెలియాలి అన్నదే విషయం. దక్షిణాన భీమిలిలో ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. ఉత్తరాన ఇచ్ఛాపురం దాటాక గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ, సముద్రం వైపు దాని ఫైరింగ్ రేంజి. ఇంకా పైకి పోతే చాందీపూర్, అబ్దుల్ కలాం దీవి. నోటీసు చేతికొస్తే అందులో డిగ్రీలు, నిమిషాలు, యూటీసీ (గ్రీనిచ్ టైము) తప్ప తెలిసిన మాట ఒక్కటి ఉండదు. దీన్ని తెలుగులో పనికొచ్చేలా ఎలా రాయాలో చెప్పండి.

#2 కాగితం పురుగు

రాసే ముందు ఒక ముడి విప్పుకోండి. మనవాళ్లు "నిషేధం" అనే ఒక్క మాటతో మూడు వేరువేరు సంగతుల్ని పిలుస్తారు.

ఒకటి, స్థావరం జెట్టీ, దాన్ని ఆనుకున్న నీళ్లు. ఇది ఏడాది పొడవునా ఉండే నిషేధం. అధికార రహస్యాల చట్టం 1923 ప్రకారం రక్షణ స్థావరాలు "ప్రొహిబిటెడ్ ప్లేస్" కిందికి వస్తాయి. దేశ భద్రతకి హాని చేసే ఉద్దేశంతో వాటి దాపుకి రావడం, చూసి గీసుకోవడం కూడా నేరమే. మీ ఉద్దేశం చేపలేనని తర్వాత తేలొచ్చు. ముందు బోటు ఆగుతుంది, ఆ రోజు వేట పోతుంది.

రెండోది ఫైరింగ్ ఏరియా. నోటీసులో చెప్పిన తేదీ, చెప్పిన గంటలు మాత్రమే. మిగతా రోజుల్లో అవి మామూలు నీళ్లే. మనవాళ్లకి ఎక్కువ తగిలేది ఇదే.

మూడోది కదిలే నిషేధం, అంటే యుద్ధనౌక చుట్టూ వదలాల్సిన దూరం. అమెరికాలో దీన్ని లెక్కకట్టి రాశారు: 500 గజాల లోపు ఉంటే వేగం బాగా తగ్గించాలి, 100 గజాల లోపుకి అనుమతి లేకుండా రాకూడదు. ఆ అంకెలు మనకి చట్టం కావు. కరపత్రంలో మాత్రం "నేవీ ఓడ కనిపిస్తే అర కిలోమీటరు ఎడంగా ఉండండి" అని రాస్తే తప్పు పోదు.

#3 బారువ రేవు

12 నాటికల్ మైళ్ల లోపల వేట రాష్ట్రం చేతిలోది కదా, 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది కదా. మరి నేవీవాళ్లు ఆపడమేమిటి?

#4 కాగితం పురుగు

వేట వేరు, రక్షణ వేరు మాస్టారూ. ఏ బోటు ఎంత దూరంలో వేటాడాలి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఎందుకు ఆగాలి, ఇవన్నీ రాష్ట్ర చట్టం కింద. రక్షణ కేంద్రం జాబితాలోది. ఒకే నీటి మీద రెండు చట్టాలూ నడుస్తాయి. "లైసెన్సు ఉంది కాబట్టి వెళ్తాను" అన్న వాదన అక్కడ నిలవదు.

అంతర్జాతీయంగా చూసినా, సముద్ర చట్టాల ఒడంబడిక 25వ అధికరణం ప్రకారం తీరదేశం తన ప్రాదేశిక జలాల్లో కొంత భాగాన్ని ఆయుధ విన్యాసాల కోసం విదేశీ ఓడలకి తాత్కాలికంగా మూసేయవచ్చు. షరతు ఏమిటంటే ముందుగా ప్రకటించాలి. ప్రకటన లేనిదే మూత లేదు.

జిల్లా స్థాయిలో కలెక్టరు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163వ సెక్షను కింద ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇది పాత 144వ సెక్షను. రెండు నెలలకి మించి నిలవదు, రాష్ట్ర ప్రభుత్వం పొడిగిస్తే తప్ప. రేవులో అంటించిన కాగితం చూసినప్పుడు తేదీ చూడండి. గడువు తీరిన ఉత్తర్వులు గోడ మీద ఏళ్ల తరబడి ఉండిపోతాయి, కొత్తది వచ్చినా ఎవరూ తల ఎత్తి చూడరు.

#5 చార్టు చూసేవాడు

సరిహద్దు చదవడం గురించి నేను రాస్తాను. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

నోటీసులో స్థానం డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలుగా ఉంటుంది: 18°50.0′ ఉత్తరం. సెల్‌ఫోన్ మ్యాపు డిగ్రీనే దశాంశాల్లో చూపిస్తుంది: 18.50. రెండూ ఒకటే అనుకుంటే కొంప మునిగినట్టే. 18°50′ అంటే 18.833 డిగ్రీలు, బారువకి కాస్త దిగువన. 18.50 డిగ్రీలు అంటే 18°30′, భావనపాడుకి దిగువన. తేడా 20 నిమిషాలు, అంటే 20 నాటికల్ మైళ్లు, 37 కిలోమీటర్లు. ఒకడు ఖాళీ నీళ్లని వదిలి తిరుగుతాడు, ఇంకొకడు ఫైరింగ్ మధ్యలో వల వేస్తాడు.

మార్చే పద్ధతి: నిమిషాలని 60తో భాగించి డిగ్రీకి కలపండి. 50 ÷ 60 = 0.833. వెనక్కి రావాలంటే దశాంశాన్ని 60తో గుణించండి. ఇంతకన్నా మంచిది, జీపీఎస్ సెట్టింగుల్లో పొజిషన్ ఫార్మాట్‌ని డిగ్రీలు–నిమిషాలకి, డేటమ్‌ని (స్థానం లెక్కకట్టే ఆధారాన్ని) డబ్ల్యూజీఎస్ 84కి, దూరాన్ని నాటికల్‌కి ఒక్కసారి పెట్టేసి మళ్లీ ముట్టుకోకపోవడం. బ్యాటరీ మార్చాక, లేదా మరమ్మతుకి వెళ్లొచ్చాక ఈ మూడూ మళ్లీ చూడాలి. రీసెట్ అయితే పాత ఫార్మాటుకి పోతుంది.

అక్షాంశంలో ఒక నిమిషం 1852 మీటర్లు. రేఖాంశంలో మన తీరం దగ్గర ఒక నిమిషం దాదాపు 1760 మీటర్లే. చూపుతో అంచనా వేసేవాళ్లకి ఈ తేడా పట్టింపు లేదు, చార్టు మీద గీసేవాళ్లకి ఉంది.

#6 చార్టు చూసేవాడు

టైము మర్చిపోయాను. నావిగేషన్ హెచ్చరికల్లో తేదీ, టైము కలిపి ఆరంకెలుగా ఉంటాయి. 200330 యూటీసీ అంటే 20వ తేదీ 03:30. మనకి ఐదున్నర గంటలు కలపాలి, అంటే ఉదయం 9:00. 201900 అయితే మన గడియారంలో 20వ తేదీ కాదు, 21వ తేదీ రాత్రి 12:30. తేదీ మారిపోయింది చూశారా.

ఇంకో మడత. "20 నుంచి 22 వరకు డైలీ 0330 నుంచి 0730" అంటే రోజుకి నాలుగు గంటలే మూత. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా. "200330 నుంచి 220730 వరకు" అని ఉంటే మధ్యలో రాత్రులతో సహా ఏకధాటి మూత. "డైలీ" అన్న ఒక్క మాట ఉందా లేదా చూసి కరపత్రంలో రాయండి. ఆ మాట అనువాదంలో జారిపోతే ఊరికే రెండు రాత్రుల వేట పోగొట్టుకుంటారు, లేదా ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

#7 సరంగు బాబాయ్

గీత ఎక్కడుందో తెలిస్తే సరిపోదు బాబూ. బోటు గీతకి ఇవతలే ఉంటాది, వల అవతలికి పోతాది. అసలు తంటా అదీ.

తేలే వలకి లెక్క ఇలాగ కట్టుకోవాల. నీటి లాగుడు 0.8 నాట్, అంటే గంటకి 0.8 నాటికల్ మైలు అనుకో. వల నీట్లో మూడు గంటలు, లాగడానికి రెండు గంటలు, మొత్తం ఐదు. 0.8 ఇంటూ 5, నాలుగు మైళ్లు కొట్టుకుపోతాది. వల పొడుగు 1500 మీటర్లు, అది ముప్పావు మైలు పైమాటే. ఇంకో మైలు చేతిలో ఉంచుకో. మొత్తం ఆరు మైళ్లు. అంటే నీరు గీత వైపు లాగుతుంటే, గీతకి ఆరు మైళ్లు ఇవతల వల దించాల.

లాగుడు కొలవడానికి యంత్రం అక్కర్లేదు. ఇంజను ఆపి పది నిమిషాలు ఊరుకో, జీపీఎస్‌లో ఎంత జరిగావో చూసి ఆరుతో గుణించు. గాలికి బోటు జరిగేది వేరు, నీటికి వల జరిగేది వేరు. అందుకని వల దించాక దాని బోయా దగ్గర ఇంకోసారి చూసుకోవాల.

#8 చార్టు చూసేవాడు

బాబాయ్ చెప్పినదానికి ఒక చేర్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా తూర్పు తీరం ప్రవాహం ఉత్తరంగా పోతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా. కాబట్టి ఎండాకాలం ముందు సోంపేట, కవిటి బోట్లకి గోపాలపూర్ వైపు లాగుడు. శీతాకాలం మొదట్లో ముక్కాం, చింతపల్లి బోట్లకి భీమిలి వైపు. ఏ రేవుకి ఏ నెలల్లో జాగ్రత్త అన్నది కరపత్రంలో ఒక్క వాక్యం పెట్టండి.

#9 కోనాడ తీరం

బాగుంది. ఫైరింగ్ ఏరియా కొన్నిసార్లు నాలుగు మూలలుగా కాకుండా "ఫలానా పాయింటు నుంచి 090, 120 బేరింగుల (ఉత్తరం నుంచి డిగ్రీల్లో చెప్పే దిక్కుల) మధ్య 20 కిలోమీటర్లు" అని ఉంటుంది. దాన్ని మామూలు జీపీఎస్‌లో ఎలా పెట్టుకోవాలి?

#10 చార్టు చూసేవాడు

అది విసనకర్ర ఆకారం. దరి దగ్గర సన్నం, లోపలికి పోయేకొద్దీ వెడల్పు. 30 డిగ్రీల విసనకర్ర 5 కిలోమీటర్ల దగ్గర రెండున్నర కిలోమీటర్లే ఉంటుంది, 20 దగ్గర పది దాటుతుంది. దరి దగ్గర అడ్డంగా దాటడం తేలికని లోపలా అలాగే అనుకుంటారు, అదే మోసం.

చిన్న జీపీఎస్‌లో బహుభుజి గీయలేరు. పాయింటు నుంచి ఆ రెండు బేరింగుల్లో 20 కిలోమీటర్ల దూరానికి రెండు వేపాయింట్లు (జీపీఎస్‌లో దాచుకునే స్థానాలు) పెట్టండి, ప్రొజెక్ట్ వేపాయింట్ అనే ఆప్షను చాలా వాటిలో ఉంటుంది. మూడు పాయింట్లనీ రూటుగా కలపండి. తెర మీద త్రిభుజం కనిపిస్తుంది. నిజం విల్లు త్రిభుజం కన్నా బయటికి ఉబ్బి ఉంటుంది. అందుకని 20 బదులు 21 కిలోమీటర్లు పెట్టుకోండి. బేరింగు నిజ ఉత్తరం నుంచి ఇస్తారు. మన తీరంలో అయస్కాంత తేడా ఒక డిగ్రీ లోపే కాబట్టి బోటు దిక్సూచికి ఆ తేడా లెక్కలోకి రాదు.

ప్రాక్సిమిటీ అలారం (గుర్తుకి దగ్గరపడితే మోగేది) ఉంటే ప్రతి మూలకీ రెండు మైళ్లు పెట్టండి. ఒక మైలు చాలదు. వల బోటుకి కట్టి ఉన్నప్పుడు అలారం మోగాక తిరగడానికే గంట పడుతుంది.

#11 బారువ రేవు

ఇంత లెక్క ఎవరు చేస్తారండీ. బోయాలు వేసేస్తే పోలా? పసుపు డ్రమ్ములు వరసగా కనిపిస్తే ఎవడూ దాటడు.

#12 బోయా మేస్త్రీ

డ్రమ్ములు బోయాలు కావు. ప్రత్యేక ప్రాంతాల గుర్తుకి పద్ధతి ఉంది: పసుపు రంగు, నెత్తిన ఇంటూ గుర్తు, రాత్రికి పసుపు లైటు. మన దేశంతో సహా ప్రపంచమంతా ఇదే. ఆ లైటు మెరిసే తీరు ఇతర బోయాల తీరుతో కలవకూడదు. రెండేసి మెరుపులు విడి ప్రమాదానికి, గబగబా మెరిసేవి కార్డినల్ గుర్తులకి, అంటే ప్రమాదాన్ని ఏ దిక్కు నుంచి తప్పించుకుపోవాలో చెప్పేవాటికి.

ఇక ఖర్చు సంగతి. 20 మీటర్ల నీట్లో, మన లెక్కన 11 బారలు, ఒక బోయాకి గొలుసు లోతుకి మూడింతలు, 60 మీటర్లు కావాలి. అడుగున కాంక్రీటు దిమ్మ. రెండు టన్నుల దిమ్మ నీట్లోకి దిగితే 1150 కిలోలే తూగుతుంది, కాంక్రీటు బరువులో నలభై శాతం పైన నీరు మోసేస్తుంది. అదే బరువు పోత ఇనుము అయితే 1700 కిలోలు నిలుస్తుంది. దిమ్మ తేలిగ్గా వేసి "బోయా కదిలిపోయింది" అని ఏడ్చే కాంట్రాక్టులన్నీ ఈ లెక్క దగ్గరే తప్పుతాయి.

గొలుసు ముందుగా అరిగేది అడుగున ఇసుకని రాసుకునే చోట. పైన ఎంత మెరుస్తున్నా ఏడాదికోసారి ఎత్తి ఆ భాగం మందం కొలవాలి. షాకిల్ (గొలుసు కొసలు కలిపే కొక్కెం) పిన్నుకి స్టీలు తీగ చుట్టకపోతే అలల కుదుపుకి ఊడుతుంది. స్వివెల్‌కి (గొలుసుతో పాటు తిరిగే కీలుకి) గుల్లలు పట్టి బిగుసుకుపోతే గొలుసు మెలికపడి తెగుతుంది.

ఇంకో సంగతి. 60 మీటర్ల గొలుసు మీద బోయా 20 మీటర్ల లోతులో దిమ్మ చుట్టూ 55 మీటర్ల దాకా తిరుగుతుంది. పోటుకి ఒకచోట, పాటుకి ఒకచోట. బోయా కనిపించినచోటే గీత అని రాయకండి. 200 మీటర్లు ఎడంగా అని రాయండి.

#13 సరంగు బాబాయ్

మన బోటులో నిలబడ్డోడి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటాది. కెరటం మీద చిన్న బోయా అర మైలుకి గాని అవుపించదు. రాత్రి అయితే లైటు వెలిగితేనే. లైటు పోయిన బోయా కన్నా బోయా లేకపోడమే నయం, గుద్దుకుంటే పడవ పోద్ది.

#14 బోయా మేస్త్రీ

నిజమే. పైగా 2013 ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014 హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఈ తీరంలో బోయా వేయడం అంటే తుపాను తర్వాత దాని స్థానం మళ్లీ సర్వే చేయడం కూడా. అందుకే స్థావరం మొగ దగ్గర, ఓడల దారి పక్కన మాత్రమే బోయాలు నిలబెడతారు. ఫైరింగ్ ఏరియాకి కాదు. అది పదులకొద్దీ కిలోమీటర్లు, నెలకి కొన్ని గంటలు. అక్కడ గీత కాగితం మీదా రేడియోలోనే ఉంటుంది.

#15 బారువ రేవు

ఆ రేడియో మన ఫైబరు బోటులో ఏది?

#16 చార్టు చూసేవాడు

హెచ్చరిక ఎలా ప్రయాణిస్తుందో చూడండి, ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. ఫైరింగ్ చేసేవాళ్లు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసుకి పంపుతారు. హిందూ మహాసముద్రంలో మనమున్న నావేరియా 8కి (హెచ్చరికల కోసం విడదీసిన సముద్ర ప్రాంతం) సమన్వయకర్త అదే. అక్కడి నుంచి నావ్‌టెక్స్ స్టేషన్లకి, అంటే ఓడలకి హెచ్చరికల్ని అక్షరాల్లో పంపే రేడియో స్టేషన్లకి. మనకి దక్షిణాన కాకినాడ దగ్గర వాకలపూడి, ఉత్తరాన బాలాసోర్. 518 కిలోహెర్ట్జ్ మీద ఇంగ్లీషులో వస్తుంది. ఇచ్ఛాపురం దాకా వాకలపూడి అందుతుంది. నావిగేషన్ హెచ్చరికలకి 'ఎ' అక్షరం, రిసీవరులో దాన్ని ఆపేయడం కుదరదు.

ప్రతి బోటుకీ నావ్‌టెక్స్ అక్కర్లేదు. రేవుకి ఒకటి చాలు. అది లేకపోయినా, అమల్లో ఉన్న హెచ్చరికలు హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వెబ్‌సైటులో ఉంటాయి. సాగరమిత్ర (మత్స్యకారులకి సాయంగా ఊళ్లో పెట్టిన కార్యకర్త) గానీ సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంటు గానీ రోజూ సాయంత్రం ఒకసారి చూసి తెలుగులోకి దించితే సగం పని అయినట్టే. శాశ్వత మార్పులు పదిహేను రోజులకోసారి వచ్చే నోటీసెస్ టు మెరైనర్స్‌లో వస్తాయి.

రెండో దారి కలెక్టరు నుంచి మత్స్యశాఖ, అక్కడి నుంచి ఊళ్లో దండోరా. దీనికి ఒక జబ్బు ఉంది. నాలుగు రోజుల వేటకి వెళ్లినవాడికి దండోరా వినపడదు. క్యాన్సిల్ అయిన కబురు అసలు దండోరా దాకా రానే రాదు. అందుకని రద్దు కబురు కూడా చూసే బాధ్యత ఎవరో ఒకరికి అప్పజెప్పాలి.

ఉచితంగా ఇస్తున్న ఇస్రో ట్రాన్స్‌పాండరు బిగించుకున్న బోట్లకి ఫోను సిగ్నలు లేనిచోటా ఉపగ్రహం ద్వారా మెసేజీలు వస్తాయి. దాన్ని ఇంజను గది పైకప్పు కింద బిగిస్తే ఆకాశం కనిపించక మూగదైపోతుంది. అన్నిటికన్నా పైన, చుట్టూ అడ్డం లేనిచోట పెట్టాలి. చేతిలో పట్టుకునే 5 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో బోటు నుంచి బోటుకి మూడు నుంచి ఐదు మైళ్లే. అత్యవసర పిలుపులకి వాడే ఛానెల్ 16 తెరిచి ఉంచండి, పాటలు దాని మీద కాదు.

#17 కోనాడ తీరం

నేవీ లేదా కోస్ట్‌గార్డ్ బోటు ఆపితే ఏం చేయాలి? పొరపాటున లోపలికి పోతే?

#18 సరంగు బాబాయ్

ఆపమంటే ఇంజను న్యూట్రల్. పారిపోకూడదు, వాళ్ల వైపు తిరిగి దూసుకుపోకూడదు. చేతులు అవుపించేలా నిలబడాల, ఏదీ నీట్లోకి ఇసరకూడదు, సెల్లుతో వీడియో అసలొద్దు. వల నీట్లో ఉంటే ముందు ఆ మాట చెప్పి, రెండో కొస బోయా ఎటుందో చూపించాల. లేపోతే వాళ్ల ఫ్యానుకి చుట్టుకుంటాది, అప్పుడు అది ఇంకో గొడవ.

కాగితాలు: బోటు రిజిస్ట్రేషను, వేట లైసెన్సు, అందరి గుర్తింపు కార్డులు. ప్లాస్టిక్కు సంచిలో పెట్టి కేబిన్లో. బోటు మీద నంబరు రెండు పక్కలా చదవగలిగేలా ఉండాల. రంగు వెలిసిన నంబరే సగం అనుమానం తెస్తాది.

ఇంజను ఆగి ఆ నీళ్లలోకి కొట్టుకుపోతుంటే లంగరు దించు. తాడు లోతుకి ఐదింతలు వదలాల. పది బారల నీళ్లయితే యాభై బారలు. తర్వాత ఛానెల్ 16లో "పాన్ పాన్" (సాయం కావాలని చెప్పే పిలుపు) మూడుసార్లు, బోటు పేరు, స్థానం, ఏమైందో చెప్పు. ఫోను ఉంటే కోస్ట్‌గార్డ్ 1554, మెరైన్ పోలీసు 1093.

#19 బోయా మేస్త్రీ

లంగరు విషయంలో ఒక హెచ్చరిక. స్థావరాల ముందు కొన్నిచోట్ల నీటి అడుగున కేబుళ్లుంటాయి. మామూలుగా అక్కడ లంగరు నిషేధం. ప్రమాదంలో దించితే వెంటనే చెప్పండి. ఎత్తేటప్పుడు బిగిస్తే ఇంజనుతో గుంజకండి, తాడుకి బోయా కట్టి కోసి వదిలేయండి. లంగరు మళ్లీ కొనుక్కోవచ్చు.

#20 కాగితం పురుగు

వలలో గుండు ముక్కో రాకెట్ గొట్టమో పడితే కూడా అంతే. పైకి లాగకుండా వల కోసి, స్థానం రాసుకుని కబురు చేయాలి. పైకి వచ్చేశాకే తెలిస్తే ఎండకీ ఇంజను వేడికీ దూరంగా కదలకుండా కట్టి, కోస్ట్‌గార్డ్ చెప్పినట్టు చేయాలి. సుత్తితో కొట్టి చూడటం, పాతసామాన్లవాడికి అమ్మడం చేయొద్దు. ఫైరింగ్‌కి వాడే లక్ష్య లాంటి టార్గెట్ విమానాలు పారాచూట్‌తో సముద్రంలోకే దిగుతాయి. బొమ్మ విమానంలా ఉందని ఇంటికి తెచ్చుకోవద్దు.

#21 బారువ రేవు

అన్నీ మనకే నియమాలు. ఫైరింగ్ రోజు వేట పోతే ఎవరిస్తారు?

#22 కాగితం పురుగు

అడగాల్సిన ప్రశ్నే. 61 రోజుల వేట విరామానికి 20,000 రూపాయలు ఇచ్చే పథకం 2025 ఏప్రిల్ 26న మన బుడగట్లపాలెంలోనే మొదలైంది. అది చేపల సంతాన కాలానికి, ఫైరింగ్‌కి కాదు. 1938 నాటి ఫీల్డ్ ఫైరింగ్ చట్టం ఉంది. ఏరియాని నోటిఫై చేయాలి, ఫైరింగ్ గంటల్లో డేంజర్ జోన్ నుంచి జనాన్ని కలెక్టరు తప్పించాలి, నష్టానికి పరిహారం కట్టాలి అంటుంది. కాకపోతే రాసినవాళ్ల కళ్ల ముందున్నది పొలాలు, పశువులు. చాందీపూర్‌లో ప్రయోగం రోజు లాంచ్‌ప్యాడ్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లని తరలించి రోజు లెక్కన డబ్బిస్తారు, అదీ నేల మీద ఉన్నవాళ్లకే.

అమెరికాలో సైనిక జలాల నిబంధనలు చూడండి. ఆహారపు చేపల పరిశ్రమకి అనవసరంగా అడ్డం రాకూడదని అందులోనే రాసి ఉంది. గీత గీసే ముందు ముసాయిదా ప్రచురించి జనం అభిప్రాయం అడుగుతారు. మన మత్స్యకార సంఘాలు అడగాల్సింది డబ్బు ఒక్కటే కాదు. ఫైరింగ్ గంటలు వేట గంటలతో తగలకుండా పెట్టమనీ, కనీసం మూడు రోజుల ముందు తెలుగులో చెప్పమనీ అడగాలి. అడిగేటప్పుడు ఏ తేదీన ఎన్ని బోట్లు ఆగాయో రాసిన రిజిస్టరు చేతిలో ఉండాలి. లెక్క లేకుండా అర్జీ పెడితే అది ఫైల్లో నిద్రపోతుంది.

#23 మోడరేటర్

స్థావరాల లోపలి జెట్టీలు, కాపలా వేళలు, ఫొటోలు ఇక్కడ పెట్టకండి. ఒక పోస్టు తీసేశాం. నేవీ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల లోపు డ్రోను ఎగరేయడం నిషేధం, బీచిలో పెళ్లి షూటింగులకి కూడా.

#24 కోనాడ తీరం

అన్నీ కలిపి మొదటి పేజీ ఇలా అనుకుంటున్నాం: పైన నోటీసు నంబరు, మన టైములో మొదలు–ముగింపు, డైలీనా ఏకధాటా, నాలుగు మూలలు డిగ్రీలు–నిమిషాల్లో, కింద బాబాయ్ వల లెక్క. సరేనా?

#25 సరంగు బాబాయ్

మూలలతో పాటు ఆనవాళ్లు రాయాల. కళింగపట్నం లైట్‌హౌసుకి ఏ దిక్కున ఎన్ని మైళ్లు, బారువ లైట్‌హౌసుకి ఎన్ని, మహేంద్రగిరి శిఖరం ఏ వైపు అవుపిస్తాది. జీపీఎస్ చచ్చినా కొండ చావదు. లోతు బారల్లో వెయ్యి, మీటర్లలో ఒద్దు.

#26 చార్టు చూసేవాడు

కొండ బేరింగు మసక రోజున పనికిరాదు, కాబట్టి రెండూ ఉండాలి. నోటీసు మారినప్పుడల్లా కరపత్రం మళ్లీ అచ్చేయలేరు. గళ్లు ఖాళీగా వదిలి, అరపేజీ సైజులో లామినేట్ చేయించండి. పర్మినెంటు మార్కరుతో రాస్తే ఉప్పునీటికి చెరగదు, స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పోతుంది. లామినేషను అంచు అర అంగుళం వదలమనండి, కాగితం దాకా కోసేస్తే రెండు ట్రిప్పులకే నీరు దిగుతుంది. కన్నం కాగితానికి కాదు, ఆ అంచుకి పెట్టి సుక్కాను పక్కన కట్టాలి.

#27 కోనాడ తీరం

అంచు సంగతి ప్రెస్సువాడికి చెప్పాం. చింతపల్లి రేవుకి ముందు యాభై వేయిస్తున్నాం.